ఆఖరి యూనిట్ వదిలేయకండి: డెవలప్‌మెంటల్ సైకాలజీ చదివిన నా అనుభవం

మా డెవలప్‌మెంటల్ సైకాలజీ పేపర్‌లో ఐదు యూనిట్లు. కడుపులో పిండం దగ్గర్నుంచి పదేళ్ళ పిల్లల దాకా మూడు యూనిట్లు, టీనేజీకి ఒకటి. ఇరవై దాటాక మనిషికి జరిగేదంతా, అంటే ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, నడివయసు, ముసలితనం, చావు, అన్నీ కలిపి ఐదో యూనిట్‌లో సర్దేశారు. "ఐదోది చదవకపోయినా పర్లేదు, చాయిస్‌లో వదిలేయొచ్చు" అని సీనియర్లు చెప్పారు. గుంటూరులో డిగ్రీ రెండో ఏడాదిలో ఈ పేపర్ చదివి, రాసి, గట్టెక్కాక నాకు అనిపించింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ ఆఖరి యూనిట్ చదివితేనే ముందున్న నాలుగూ సరిగ్గా అర్థమవుతాయి.

మొదట్లో అందరిలాగే నాకూ పేర్లతోనే టెన్షన్. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజేకి నాలుగు దశలు, వ్యక్తిత్వం గురించి చెప్పిన ఎరిక్‌సన్‌కి ఎనిమిది, మంచిచెడుల తీర్పు గురించి చెప్పిన కోల్‌బర్గ్‌కి ఆరు, వీళ్ళకు తోడు తల్లీబిడ్డల అనుబంధం గురించి చెప్పిన బౌల్బీ, చుట్టూ ఉన్నవాళ్ళ సాయంతో నేర్చుకోవడం గురించి చెప్పిన వైగాట్‌స్కీ. క్లాసులో ఒక్కొక్కరినీ విడివిడిగా చెబుతారు కాబట్టి ఏ దశ ఎవరిదో, ఏ వయసుదో పరీక్ష నాటికి కలగాపులగం అయిపోతుంది. నేనొక పెద్ద డ్రాయింగ్ చార్టు తెచ్చి ఎడమవైపు వయసులు పైనుంచి కిందికి రాసుకుని, ప్రతి వయసుకీ ఎదురుగా ఎవరేమన్నారో నింపుకుంటూ పోయాను. మూడేళ్ళ దగ్గర వేలు పెడితే అందరి మాటా ఒకే వరసలో కనిపించేది. చార్టు పైభాగం కిక్కిరిసిపోయింది, కిందంతా ఖాళీ. పియాజే చెప్పిన ఆఖరి దశ పదకొండు, పన్నెండేళ్ళకే మొదలవుతుంది, ఆ తర్వాత కొత్త దశ లేదు. వయసు లెక్కతో సహా ముసలితనం దాకా నడిచొచ్చింది ఎరిక్‌సన్ ఒక్కడే, అదీ 1950లోనే. ఇంకో సంగతి కూడా చార్టు వేస్తున్నప్పుడే గమనించాను. పియాజే, వైగాట్‌స్కీ ఇద్దరూ 1896లో పుట్టారు. పియాజే 1980 దాకా బతికాడు, వైగాట్‌స్కీ 37 ఏళ్ళకే క్షయతో పోయాడు. ఇంకో నలభై ఏళ్ళుంటే ఏమేం రాసేవాడో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

శైశవం యూనిట్ చదివే రోజుల్లో అక్క కూతురికి ఏడో నెల. అన్నప్రాసనకని వచ్చి కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు అని నానమ్మ ఆ వరస అంతా అప్పజెప్పేది. మా పుస్తకంలో ఉన్న మోటార్ డెవలప్‌మెంట్ పట్టిక క్రమమూ అదే. క్రమం దాదాపు అదే ఉన్నా నెలల్లో మాత్రం చాలా తేడా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లల్ని పరిశీలించి 2006లో లెక్కలు ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఆసరా లేకుండా కూర్చోవడానికి 3.8 నుంచి 9.2 నెలలు, సొంతంగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలలు పట్టొచ్చు. మా పక్కింటి బాబుకి ఏడాది దాటినా అడుగు పడలేదని వాళ్ళమ్మ దిగులు పెట్టుకుంటే ఈ అంకెలు చూపించాను. పుస్తకంలోది ఒకరికి వెంటనే పనికొచ్చిందంటే కలిగే ఆనందం వేరు.

ఆ యూనిట్‌లోనే నన్ను కదిలించిన ప్రయోగం ఒకటుంది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసి 1984లో ప్రచురించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలో పెరుగుతున్న పిల్లలకు హిందీలోని త, ట ధ్వనులు వినిపించారు. ఆ తేడా ఇంగ్లీషులో లేదు, పెద్దవాళ్ళు పట్టుకోలేరు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు మాత్రం ఇట్టే పట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ శక్తి వాళ్ళలో చాలావరకు పోయింది. సొంత భాష ధ్వనుల మీద పట్టు పెరుగుతూ, పరాయి ధ్వనుల మీద పట్టు జారిపోయింది. అంటే పోగొట్టుకోవడం అరవై ఏళ్ళకు మొదలయ్యేది కాదు, ఇంకా మాటలైనా రాని వయసులోనే మొదలవుతుంది. అక్క కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "తాత, టాటా" అని పదే పదే అనేదాన్ని. తెలుగు వింటూ పెరిగే పిల్ల కాబట్టి ఈ రెండూ దానికి ఎప్పటికీ ఉంటాయి. పోయేవి ఇంకేవో ఉంటాయి.

ప్రాక్టికల్ రికార్డుకు పియాజే ప్రయోగం చేయాలి, ఆకారం మారినా పరిమాణం మారదని పిల్లలకు తెలుసో లేదో చూసేది. కింద వాటాలో ఉండే ఐదేళ్ళ బాబుని అడిగితే ఎగిరి గంతేశాడు. స్టీలు గ్లాసులు పనికిరావు, లోపల మట్టం కనబడాలి. ఒకే సైజు గాజు గ్లాసులు రెండు, సన్నగా పొడుగ్గా ఉన్నది ఇంకోటి తీసుకుని రస్నా కలిపాను. రెండిట్లో సమానంగా పోస్తే సమానమేనన్నాడు. ఒకదాన్ని పొడుగు గ్లాసులోకి ఒంపితే "ఇందులో ఎక్కువుందక్కా, నాకిదే కావాలి" అన్నాడు. తిరిగి పాత గ్లాసులో పోస్తే మళ్ళీ సమానం. వాడి అక్క మూడో క్లాసు. అది ఉండబట్టలేక "ఏం కలపలేదు కదరా, అదే కదా ఇది!" అని కసురుకుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కళ్ళముందు జరిగింది.

అయితే మా మేడమ్ అక్కడితో ఆగనివ్వలేదు. 1970ల్లో స్కాట్లండ్‌లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ దీన్ని మార్చి చేశారు. సమానంగా పేర్చిన రెండు బిళ్ళల వరసల్లో ఒకదాన్ని పెద్దవాళ్ళు కాకుండా అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు ఆడిస్తే, సరైన జవాబు చెప్పిన పిల్లలు చాలా పెరిగారు. పెద్దవాళ్ళు కావాలని ఏదో మార్చి, మళ్ళీ అదే ప్రశ్న అడిగితే జవాబు మార్చమంటున్నారేమో అని పిల్లలు అనుకుంటారు. నేను చింతపిక్కలతో ప్రయత్నించాను. నా చేత్తో వరస సాగదీస్తే పొడుగు వరసలోనే ఎక్కువున్నాయన్నాడు. మర్నాడు బొమ్మ కుక్క వచ్చి కదిపితే "కుక్క జరిపిందంతే, సమానమే" అన్నాడు. ఒక్క పిల్లాడితో ఏదీ రుజువు కాదు. కానీ పిల్లలకు తెలియదనే ముందు మనం అడిగిన తీరు చూసుకోవాలన్నది ఆ చింతపిక్కల దగ్గర నేర్చుకున్నాను.

టీనేజీ యూనిట్ అందరం బాగానే రాశాం, ఆ వయసు దాటి ఎన్నాళ్ళో కాలేదు కదా. అందులో ఒక్క మాట మాత్రం చెప్పాలి. తానెవరో, ఏం కావాలో తేల్చుకోవడంలో టీనేజీ వాళ్ళు ఉండే నాలుగు స్థితుల్ని మనోవిజ్ఞాని జేమ్స్ మార్సియా 1966లో వివరించాడు, వాటిలో ఫోర్‌క్లోజర్ ఒకటి. ఏమీ వెతుక్కోకుండానే పెద్దవాళ్ళు ఇచ్చిన దారిని తనదిగా ఒప్పేసుకోవడం. పదో తరగతి ఫలితాలు రాకముందే ఎంపీసీనా బైపీసీనా అని ఇంట్లో తేల్చేసే మన గుంటూరు, విజయవాడల్లో ఈ పేరా చదువుతుంటే క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

ఇక ఐదో యూనిట్. దీంట్లో మొదట అర్థం కావాల్సింది కోహార్ట్ ఎఫెక్ట్, అంటే పుట్టిన కాలం వల్ల వచ్చే తేడా. మా ఇంట్లో నానమ్మ ఐదో తరగతి, అమ్మ పదో తరగతి, నేను డిగ్రీ. ముగ్గురికీ ఒకే రోజు ఒకే తెలివి పరీక్ష పెడితే నానమ్మకు తక్కువ రావచ్చు. అది వయసు మీద పడినందుకా, బడి మాన్పించినందుకా? వార్నర్ షాయ్ 1956లో సియాటెల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం ఏడేళ్ళకోసారి పాతవాళ్ళనే మళ్ళీ పరీక్షిస్తూ, కొత్తవాళ్ళను చేర్చుకుంటూ సాగింది. వేగం ముందుగానే తగ్గినా, చాలా సామర్థ్యాలు అరవై దాకా పెద్దగా పడిపోవని అందులో తేలింది.

పాల్ బాల్టెస్ అనే జర్మన్ మనోవిజ్ఞాని మాట ఈ పేపర్‌కంతటికీ తాళంచెవి అని నా అభిప్రాయం. ప్రతి వయసులోనూ వచ్చేదీ ఉంటుంది, పోయేదీ ఉంటుంది, నిష్పత్తి మారుతుందంతే. పోయేది పెరిగినప్పుడు మనిషి ఏం చేస్తాడో చెప్పడానికి ఆయన పియానో వాద్యకారుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్‌ని ఉదాహరణగా తీసుకున్నాడు. ముసలితనంలో ఆయన తక్కువ రచనలు ఎంచుకున్నాడు, వాటినే ఎక్కువ సాధన చేశాడు, వేగంగా వాయించాల్సిన చోటుకు ముందు కాస్త నెమ్మదించి ఆ వేగం ఎక్కువగా వినిపించేలా చేశాడు.

కేస్ స్టడీకి నేను ఎంచుకున్నది బ్రాడీపేటలో ఒక లైను చివర మిషను పెట్టుకున్న టైలర్ తాతగారిని. డెబ్బై దాటాయి. కొన్ని సాయంత్రాలు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ప్యాంట్లు, సఫారీలు ఎప్పుడో మానేశారు, ఇప్పుడు జాకెట్లు, ఆల్టరేషన్లే. చూపు సన్నగిల్లింది కాబట్టి పొద్దున ఎండ వాకిట్లో పడగానే చేతికుట్టు సూదులన్నిటికీ రంగురంగుల దారాలు ఎక్కించి గుడ్డ దిండుకు గుచ్చి పెట్టుకుంటారు. సాయంత్రం కరెంటు దీపం కింద తడుముకునే పని లేదు. నల్లబట్ట మాత్రం మధ్యాహ్నం లోపలే. "చెయ్యి మరిచిపోదమ్మాయ్, కన్నే మాట వినదు. కంటికి పని తగ్గించి చేతికి పెంచా" అన్నారు. బాల్టెస్ చెప్పిన ఎంచుకోవడం, మెరుగుపెట్టుకోవడం, లోటు పూడ్చుకోవడం మూడూ ఆ సూదుల దిండు దగ్గరే కనిపించాయి.

చావు గురించి మానసిక వైద్యురాలు కూబ్లర్ రాస్ చెప్పిన ఐదు దశల్ని (నమ్మకపోవడం, కోపం, బేరమాడడం, కుంగిపోవడం, ఒప్పుకోవడం) గైడ్లలో మెట్లలా వరసపెట్టి ఇస్తారు. 1969లో ఆమె రాసింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళందరూ అదే వరసలో దుఃఖపడతారని కాదు. పెదనాన్న పోయాక మా పెద్దమ్మ ఒకరోజు మామూలుగా నవ్వుతూ మాట్లాడేది, మర్నాడు అన్నం ముట్టేది కాదు. ఏడాది తర్వాతా అంతే. ఆమెది ఏ మెట్టు అని వెతకడం తప్పు.

పరీక్షలో ఐదో యూనిట్ నుంచి వచ్చిన ప్రశ్నే నేను అన్నిటికంటే ముందు రాశాను. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ రికార్డు తిప్పి "ఒక్క టైలర్‌ని చూసి సిద్ధాంతం నిజమని ఎలా అంటావమ్మా?" అని అడిగారు. "రుజువని కాదు సార్, ఆ సిద్ధాంతం మనిషి బతుకులో ఎలా కనబడుతుందో చూపించానంతే" అన్నాను. తలూపి, సూదుల సంగతి ఇంకాస్త చెప్పమన్నారు.

మూడో ఏడాది ప్రాజెక్టుకు నడివయసు తీసుకున్నాను. మా పుస్తకంలో దానికిచ్చింది రెండు పేజీలే. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే నలభై, యాభై ఏళ్ళ ఆడవాళ్ళతో మాట్లాడి, తర్వాతి తరానికి ఏం అందించాలని చూస్తున్నారో రాసుకోవాలి. ఎరిక్‌సన్ ఏడో దశ అదే. ప్రశ్నలు తెలుగులో తయారుచేసి మేడమ్‌కి ఇచ్చాను. ఫిబ్రవరిలో మిర్చి యార్డుకు సరుకు ఊపందుకున్నాక పని మొదలుపెడతాను.