డొప్ప కింద నారింజ రంగు

ఆడపీతని వెనక్కి తిప్పి, డొప్పా పొట్ట మడతా కలిసే చోట వేలితో మెల్లగా నొక్కాను. పల్చటి పొర కింద నారింజ రంగు! పోయినసారి చూస్తే అక్కడ లేత పసుపే ఉంది.

ఎంత సంతోషమేసిందో. అండాశయం నిండుతోందన్నమాట.

ఇన్నాళ్లూ మేతలో ప్రొటీన్ శాతం ఒక్కటే చూసుకునేదాన్ని. అసలు చూడాల్సింది అందులోని అమైనో ఆమ్లాలని, అంటే ప్రొటీన్ తయారయ్యే ముక్కల్ని. మిథియోనిన్, లైసిన్, ఆర్జినిన్ లాంటి 10 రకాలు పీత ఒంట్లో కావలసినంత తయారు కావు, మేతలోంచే రావాలి. గుడ్డులో సొనగా మారే విటెల్లోజెనిన్ అనే ప్రొటీన్ తయారవ్వాలంటే ఇవన్నీ ఉండాలి. ఒక్కటి తగ్గినా, మిగతావి ఎన్ని ఉన్నా పని కుంటుపడుతుంది. వాడుకోలేనివి చివరికి అమ్మోనియాగా నీళ్లలోకే పోతాయి. సోయా పిండి ఎక్కువైతే సాధారణంగా లోటు పడేది మిథియోనిన్‌కే.

(ఆ నారింజ రంగు మాత్రం కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలది. అవీ మేతలోంచే.)

గుడ్డులో ఉన్నన్నాళ్లూ పిల్లకి తిండి ఆ సొనే కదా. తల్లికి ఏం పెడుతున్నానో చూసుకోకపోతే ఎలా?

కాళ్లకి కట్టిన తాడు విప్పి నీళ్లలోకి వదిలాను. క్షణంలో ఇసుకలోకి దూరిపోయింది.