ఇసేలో దర్శనం తెల్ల తెర దాకానే

జపాన్‌లోని ఇసే పుణ్యక్షేత్రంలో దర్శనం వరస తప్పకూడదు. ముందు గెకూ అనే బయటి గుడిలో అన్నం చూసే దేవత తొయోఉకె, ఆ తర్వాతే నైకూ అనే లోపలి గుడిలో సూర్యదేవత అమతెరసు. ఒక్కచోటే చూసి వచ్చేస్తే ‘కత-మైరి’ అంటారు, సగం మొక్కన్నమాట. ఇసెషి స్టేషన్ నుంచి గెకూ అయిదు నిమిషాల నడక. చక్రాల పెట్టెను స్టేషన్ లాకర్లోనే పెట్టేయండి, లోపలంతా గులకరాళ్లే. గెకూలో దారికి ఎడమ పక్కన, నైకూలో కుడి పక్కన నడవాలి. గెకూ నుంచి నైకూకి నాలుగైదు కిలోమీటర్లకే బస్సువాడు సుమారు 500 యెన్లు తీసుకుంటే ప్రాణం ఉసూరుమంది.

నైకూకి 101.8 మీటర్ల ఉజి వంతెన దాటి వెళ్లాలి. రెండు చివరలా నిలిపిన తొరీలు, అంటే గుడి తోరణ ద్వారాలు, పాత గర్భగుళ్ల స్తంభాలతో చెక్కినవి: లోపలిది నైకూది, బయటిది గెకూది. 690లో మొదలైన ఆచారం ప్రకారం 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో కొత్త గుడి కట్టి దేవతను అక్కడికి మారుస్తారు. 15వ శతాబ్దపు యుద్ధాల్లో అది వందేళ్లకు పైగా ఆగింది. కిందటి మార్పు 2013లో, వచ్చేది 2033లో. అందుకే ఈ గుడి వయసెంతంటే రెండు జవాబులు చెప్పాలి.

నీళ్ల తొట్టి దగ్గర చాలామంది పొరపడతారు. గరిటెతో ఒక్కసారే ముంచాలి. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి కడిగి, ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించి, మళ్లీ ఎడమ చెయ్యి కడగాలి. మిగిలిన నీళ్లతో గరిటెను నిలువుగా ఎత్తితే పిడి కూడా శుభ్రమవుతుంది. గరిటెకు మూతి తగిలించకూడదు. నైకూలో అయితే తొట్టితో పని లేకుండా ఇసుజు నదిలోనే చేతులు కడుక్కోవచ్చు.

నైకూ గర్భగుడికి వెళ్లే రాతి మెట్ల కిందనే కెమెరా లోపల పెట్టేయాలి. పైన గంట లేదు, హుండీ పెట్టె లేదు, నాణేలకు పరిచిన తెల్ల గుడ్డ మాత్రం ఉంది. రెండుసార్లు వంగి దండం, రెండు చప్పట్లు, మళ్లీ ఒక దండం. కోరికలు ఇక్కడ కోరరట, కృతజ్ఞత చెప్పుకుని వెనకనున్న అరమత్సురి-నో-మియా అనే ఉపాలయానికి వెళ్లి అక్కడ అడుగుతారు. ఎదురుగా తెల్ల పట్టు తెర. గర్భగుడి చుట్టూ నాలుగు వరసల దడి. లోపల ఉన్నది అద్దమని చెబుతారు, ఎవరూ చూడరు. తిరుమలలో ‘జరగండి’ అంటూ తోసినా ఒక్క క్షణం స్వామి కనబడతాడు కదా! గాలికి తెర అంచు జానెడు లేచింది. అవతల మళ్లీ గులకరాళ్లే.

బయట అకఫుకు మిఠాయి దుకాణం పొద్దున 5కే తెరుస్తారు, 1707 నాటిది. మన పూర్ణం బూరెను తిరగేసినట్టు, ఎర్ర చిక్కుళ్ల పూర్ణం పైన, బియ్యపు ముద్ద లోపల. పూర్ణం మీది మూడు గీతలు ఇసుజు ప్రవాహమట.