దీక్షా నుంచి చీమకుర్తి దాకా

2020 అక్టోబరులో ప్రభుత్వం ఉపాధ్యాయులకిచ్చే నిష్ఠ శిక్షణను దీక్షా అనే ప్రభుత్వ పాఠాల వేదికపై ఆన్‌లైన్‌లో మొదలుపెట్టినప్పుడు, కనిగిరి దగ్గరి మా బడిలో కొందరం వీడియోను దానిపాటికి నడవనిచ్చి ఇంటిపనులు చూసుకున్నాం. చివరి ప్రశ్నలు గట్టెక్కితే ధ్రువపత్రం చేతికొచ్చేది. ఆ కొందరిలో నేనూ ఒకణ్ణి.

అందుకే చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపే మా బావమరిది, కార్మికులకు భద్రతా పాఠాలు ఫోనులో పెడతానన్నప్పుడు, గంటసేపటి వీడియో వద్దని గట్టిగా చెప్పాను. మూడు నిమిషాల పాఠం, వెంటనే ఒక ప్రశ్న, రెండు రోజులాగి అదే ప్రశ్న మరో రూపంలో అడగమన్నాను. ఊరికే చూసినదానికన్నా, మరపున పడబోయే వేళ గుర్తుచేసుకున్నదే ఎక్కువకాలం నిలుస్తుంది.

మొదటి పాఠం, రాయి కోసేటప్పుడు నీటిధార ఎందుకు ఆపకూడదన్నది. తెలుగులో రాసి పెట్టాం. ఒడిశా నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ప్రతి ప్రశ్నకూ మొదటి జవాబే నొక్కుతున్నారని మూడో రోజున గమనించాం. చదవలేని పాఠానికి వాళ్లు ఇంకేం చేస్తారు? తోటి ఒడియా మేస్త్రీ గొంతుతో ఆడియో పెట్టించాక, నీళ్లు ఆపితే ధూళి ముక్కులోకి పోతుందని చెబుతూ, వాళ్లే కొత్తవాళ్లకు కుళాయి చూపించడం మొదలుపెట్టారు. మాస్కుల పాఠం ఇంకా తయారుకాలేదు.