యాక్సిలరేటర్ తొక్కితే ఈల వేసే స్టీరియో

మొదటి శనివారం

పాత కారు. స్టీరియోలో ఆక్స్ (బయటి నుంచి పాట ఇచ్చే రంధ్రం) ఉంది, బ్లూటూత్ లేదు. ఫోన్‌ని 3.5 ఎంఎం వైరుతో కలిపి పాటలు వింటున్నంత కాలం ఏ గొడవా లేదు. దారిలో చార్జింగ్ అయిపోతోందని సిగరెట్ లైటర్ సాకెట్‌లో యూఎస్‌బీ చార్జర్ గుచ్చిన రోజు నుంచి మొదలైంది. పాట వెనకాల సన్నటి ఈల. యాక్సిలరేటర్ తొక్కితే పైకి ఎక్కుతుంది, వదిలితే దిగుతుంది. పాట ఆపినా అది ఆగదు.

ఇంజన్ వేగంతో పాటు శ్రుతి మారుతోందంటే అది ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారు చేసే ఆల్టర్నేటర్ పనే. మూడు ఫేజుల కరెంటుని ఆరు డయోడ్లు డీసీగా మార్చినా చిన్న అల ఒకటి మిగిలిపోతుంది. 12 అయస్కాంత ధ్రువాలు (పోళ్లు) ఉన్న ఆల్టర్నేటర్ ఒక చుట్టు తిరిగితే ఆ అల 36 సార్లు వస్తుంది. ఇంజన్ 800 ఆర్‌పీఎం దగ్గర ఉంటే, పుల్లీ నిష్పత్తి మూడు అనుకుంటే, ఆల్టర్నేటర్ సెకనుకి 40 చుట్లు తిరుగుతుంది. అంటే 1440 హెర్ట్జ్. అదే ఇంజన్ 2400 మీద 4320. మన చెవి బాగా పట్టే చోటే వచ్చి కూర్చుంది.

ఏమీ కొనకుండా ఈ రోజంతా పీకడం, పెట్టడమే చేశాను. చార్జర్ పీకితే ఈల పోయింది. చార్జర్ పెట్టి, ఆక్స్ పిన్నుని ఫోన్ నుంచి తీసి సీటు మీద పడేసినా ఈల లేదు. ఫోన్‌ని పవర్ బ్యాంక్‌తో చార్జ్ చేస్తూ ఆక్స్ కలిపితే నిశ్శబ్దం. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, చార్జర్ పెడితే ఈల లేదు గానీ గరగరమంటూ ఇంకో శబ్దం, ఫోన్ స్క్రీన్ మీద వేలు కదిలితే అదీ మారుతోంది. అంటే శబ్దాలు రెండు, లోపలికి వచ్చే దారి మాత్రం ఒకటే: చార్జర్, ఆక్స్ రెండూ ఒకేసారి ఫోన్‌కి తగిలినప్పుడు తెరుచుకునే దారి.

ఆదివారం

దారి ఎలా ఏర్పడుతుందో కాగితం మీద గీసుకున్నాను. కారు చార్జర్ లోపల 12 వోల్టులని 5 చేసే సర్క్యూట్ ఉంటుంది గానీ, నెగటివ్ మాత్రం అటు నుంచి ఇటు నేరుగా వచ్చేస్తుంది. సాకెట్ నెగటివ్ బాడీకి ఒక చోట ఎర్త్ అవుతుంది. స్టీరియో నల్ల వైరు ఇంకో చోట. ఈ రెండు చోట్ల మధ్య ఉన్న రేకులో హెడ్‌లైట్ల కరెంటు, ఫ్యాన్ కరెంటు, ఆల్టర్నేటర్ అల అన్నీ ప్రవహిస్తుంటాయి కాబట్టి రెండూ కచ్చితంగా ఒకే సున్నా దగ్గర ఉండవు. ఫోన్ వచ్చి ఒక చేత్తో యూఎస్‌బీ నెగటివ్‌నీ, ఇంకో చేత్తో ఆక్స్ వైరు షీల్డ్‌నీ (లోపలి తీగల చుట్టూ ఉండే జాలీ) పట్టుకునేసరికి చుట్టు (గ్రౌండ్ లూప్) పూర్తవుతుంది. ఫోన్ చార్జింగ్ కరెంటులో కొంత కూడా తన దారి వదిలేసి, ఈ సన్నటి షీల్డ్ గుండా తిరిగి వెళ్తుంది.

స్టీరియో ఆ షీల్డ్‌నే సున్నా అనుకుని సిగ్నల్‌ని కొలుస్తుంది. బల్ల ఊగుతుంటే గీసిన గీత వంకరపోయినట్టే ఇదీను. సాకెట్ అంచుకీ స్టీరియో బాడీకీ మధ్య మల్టీమీటర్‌ని ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి చూశాను: హెడ్‌లైట్లు వేసి ఇంజన్ నడుస్తుంటే 5 దగ్గర ఆడుతోంది. చూడ్డానికి చిన్నదే. కానీ ఫోన్ నుంచి వచ్చే పాట 500 మిల్లీవోల్టులు ఉంటే ఇది దాని కంటే 40 డెసిబెళ్లే తక్కువ. వీణ ఒక్కటే మోగే చోట స్పష్టంగా వినబడుతుంది.

ఆల్టర్నేటర్ డయోడ్ పోయిందేమో అన్న అనుమానం కూడా తీర్చుకున్నాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.2 వోల్టుల డీసీ, ఏసీ రేంజిలో 30 మిల్లీవోల్టులు. ఏసీ అర వోల్టు దాటితే డయోడ్ల మీద అనుమానపడాలి. అప్పుడది స్టీరియో పని కాదు, మెకానిక్ పని.

రెండో వారం మొదట్లో

ఇక్కడ మూడు సాయంత్రాలు వృథా చేశాను. ఇంట్లో పడి ఉన్న ఫెర్రైట్ క్లిప్పుని (వైరు చుట్టూ బిగించే నల్లటి అయస్కాంత పదార్థపు ముక్క) ఆక్స్ వైరుకి బిగించాను. రవ్వంత తేడా లేదు. రాదు కూడా, ఆ ఫెర్రైట్ పని చేసేది మెగాహెర్ట్జుల్లో, నా ఈల ఉన్నది కొన్ని వేల హెర్ట్జుల్లోనే. మోటారు పంపుకి టీ వడగట్టే జల్లెడ పెట్టినట్టు.

తర్వాత స్టీరియో బయటికి లాగి ఎర్త్ బాగు చేశాను. లాగే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయాలి. కొన్ని స్టీరియోలు అలా తీస్తే కోడ్ అడుగుతాయి కాబట్టి అది ముందే దగ్గర పెట్టుకోవాలి. విడిగా కొన్న స్టీరియో వైర్లలో మామూలుగా నల్లది ఎర్త్, పసుపుది ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎర్రది తాళంతో వచ్చేది. నల్ల వైరుని పెయింటు గీకిన చోట కొత్త రింగు టెర్మినల్‌తో, పళ్ల వాషర్ వేసి బిగించాను. ఈల సగానికి తగ్గింది. ఆ సగం తగ్గడం చూసి ఇంకో గంట ఇంకా మందపాటి వైరు వేస్తూ కూర్చున్నాను, ఇంకేమీ తగ్గలేదు. రెండు ఎర్త్‌ల మధ్య తేడాని తగ్గించొచ్చు గానీ చుట్టు ఉన్నంత కాలం పూర్తిగా చంపలేం.

గురువారం

గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ వచ్చింది. వేలంత డబ్బా, లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, ఎడమకొకటి కుడికొకటి. పాట అయస్కాంత క్షేత్రంగా మారి అవతలి చుట్టలోకి దూకుతుంది, రాగి తీగ మాత్రం కలవదు. పెట్టే ముందు ఒక పరీక్ష తప్పనిసరి: ఒక వైపు పిన్ను అడుగు భాగానికీ, రెండో వైపు అడుగు భాగానికీ మధ్య మల్టీమీటర్‌ని బీప్‌లో (తీగ కలిసి ఉంటే మోగే మోడ్) పెట్టి చూడాలి. మోగితే లోపల రెండు వైపుల ఎర్త్‌నీ కలిపేశారని అర్థం, ఆ డబ్బా పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. నాది మోగలేదు.

పెట్టగానే ఈల మాయం. చార్జర్ ఉన్నా, లైట్లు వేసినా, ఎంత రేజ్ చేసినా లేదు. పావుగంట సంబరం. ఆ తర్వాత మృదంగం తొప్పి మోత పలచబడిందని గమనించాను. అంత చిన్న కోర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కింది స్వరాల్ని మోయలేదు; సిగ్నల్ గట్టిగా ఇస్తే కోర్ నిండిపోయి ఆ స్వరాలు గరగరమంటాయి. ఫోన్ వాల్యూమ్‌ని ముప్పావుకి దించితే గరగర పోయింది, పలచదనం పోలేదు. వార్తలూ మాటలూ వినేవాళ్లకి ఇక్కడితో ఆగిపోవడమే మంచిది. నాకు మనసొప్పలేదు.

శనివారం

పాటని విడదీసే బదులు కరెంటుని విడదీస్తే? చిన్న బ్లూటూత్ రిసీవర్ ఒకటి తీసి ఆక్స్‌కి తగిలించాను. ఇప్పుడు ఫోన్‌కీ స్టీరియోకీ మధ్య వైరే లేదు, ఫోన్ ఎలా చార్జ్ అయినా మనకి సంబంధం లేదు. కానీ రిసీవర్‌కి అదే చార్జర్ నుంచి కరెంటిస్తే పాత చుట్టే మళ్లీ తయారైంది, పైగా రిసీవర్ ఫోన్‌తో బ్లూటూత్‌లో సంకేతాలు మార్చుకున్నప్పుడల్లా టిక్ టిక్ అంటూ కొత్త శబ్దం. పవర్ బ్యాంక్‌తో ఇస్తే రెండూ లేవు.

అందుకే బి0505ఎస్ అనే నాలుగు కాళ్ల ముక్క తెచ్చాను. 5 వోల్టులు తీసుకుని 5 వోల్టులే ఇస్తుంది, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, కాబట్టి రెండు వైపుల నెగటివ్ కలవదు. ఒక వాట్, అంటే 200 మిల్లీఆంపులు. రిసీవర్ పాడుతున్నప్పుడు తీసుకునేది నా మీటర్లో 50 లోపే. దీంతో ఫోన్ చార్జ్ చేద్దామనుకుంటే కాలిపోతుంది.

దీని అన్న బి1205ఎస్ నేరుగా 12 వోల్టులకి పెట్టొచ్చు కదా అని నాకూ అనిపించింది. అది పట్టుకోగలిగేది 12కి అటూ ఇటూ పది శాతం, 13.2 దాకా. ఇంజన్ నడుస్తుంటే కారులో 14 దాటుతుంది. అందుకే చార్జర్ 5 వోల్టుల నుంచే తీసుకున్నాను. ముక్కకి రెండు వైపులా 10 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు పెట్టి, చిన్న బోర్డు మీద సాల్డర్ చేసి, పాత యూఎస్‌బీ కేబుల్‌ని మధ్యలో కోసి ఇరికించాను. కేబుల్ బయటి జాలీని కూడా ఆ చోట తెంచాలి, అది కలిసే ఉంటే చేసిన పనంతా వృథా. ఏ లోడూ లేకుండా కొలిస్తే 5 కంటే ఎక్కువ చూపించి భయపెడుతుంది, రిసీవర్ తగిలించాక సర్దుకుంది.

సీటు మీద పెట్టి పాడిస్తే పూర్తి నిశ్శబ్దం, మృదంగం కూడా వెనక్కి వచ్చింది.

ఆదివారం

డ్యాష్‌బోర్డు లోపల బిగించి మూసేశాక సన్నగా ఈల. మళ్లీ విప్పాను. ఆక్స్ పిన్ను పీకి (పీకకుండా కొలిస్తే స్టీరియో ద్వారా ఎలాగూ బీప్ వస్తుంది, నేను మొదట అలాగే బోల్తా పడ్డాను) రిసీవర్ నెగటివ్‌కీ కారు బాడీకీ మధ్య చూస్తే మోగింది. రిసీవర్ యూఎస్‌బీ మూతి రేకు డ్యాష్‌బోర్డు లోపలి ఇనుప బద్దీకి ఆనుకుని ఉంది! దొడ్డిదారిన ఎర్త్ వచ్చేసింది. మొత్తాన్ని హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే) ట్యూబులో దూర్చి, గతుకుల్లో కొట్టుకోకుండా ఫోమ్ టేప్ చుట్టి పెట్టాను. బీప్ పోయింది, ఈల పోయింది.

చివరికి మిగిలింది బుస్ మనే శబ్దం, ఇంజన్‌తో మారనిది. అది వైరింగ్ తప్పు కాదు, వాల్యూమ్‌ల పంపకం. ఇన్నాళ్లూ ఫోన్ సగంలో ఉంచి స్టీరియోని 24కి తిప్పుకుంటూ వచ్చాను. ఫోన్‌ని నిండు కంటే ఒక మెట్టు తక్కువకి పెంచితే స్టీరియో 13 చాలు, బుస వినబడాలంటే చెవి స్పీకర్‌కి ఆనించాలి.

నా లాగే మొదలుపెట్టేవాళ్లకి ఇంకో రెండు సంగతులు. ఆక్స్ పిన్ను పూర్తిగా పీకేసినా ఈల వస్తుంటే ఇదంతా మీ కథ కాదు. స్టీరియో ఎర్త్, యాంప్లిఫయర్ ఉంటే దాని ఎర్త్, కరెంటు తీగ పక్కనే పరిచిన ఆర్‌సీఏ కేబుల్ (స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కి పాట మోసేది) చూడాలి. ఫోన్ మోగబోయే ముందు వచ్చే ట్ర్ ట్ర్ ట్ర్ మోత కూడా వేరే జాతి. జీఎస్ఎం ఫోన్ సెకనుకి 217 సార్లు చిమ్మే రేడియో తరంగాల్ని వైరు పట్టుకోవడం అది, ఫోన్‌ని ఒక జానెడు దూరం జరిపితే పోతుంది.

ఐసోలేటర్ డబ్బా సొరుగులో ఉంది. రిసీవర్ ఆన్ అయిన ప్రతిసారీ "కనెక్టెడ్" అని వేసే కేక మాత్రం పాట కంటే గట్టిగా ఉంటోంది, దాన్ని ఆపే మీట ఆ రిసీవర్ మీద ఎక్కడా లేదు.