పాప చెంపల మీది ఎరుపు, నా కంచంలోని పథ్యం

మా పాపకు మూడో నెల నిండేసరికి రెండు చెంపలూ కందిపోయి, గరుకుగా తయారై, అక్కడక్కడా రసి కారి పసుపు పచ్చని పక్కు కట్టడం మొదలైంది. తర్వాత అది నెత్తి మీదికీ, చేతుల మీదికీ, పిక్కలకూ పాకింది. డైపర్ కట్టే చోట మాత్రం చర్మం నున్నగానే ఉండేది. చర్మవైద్యురాలు ఈ పోలికలన్నీ చూసి, ఇది ఎటోపిక్ ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి, దురద పెట్టే జబ్బు అని చెప్పారు. రక్తపరీక్షలేవీ రాయలేదు. ఈ జబ్బును చర్మం చూసి, దురద సంగతి అడిగి, ఇంట్లో ఉబ్బసం, అలర్జీ తుమ్ములు ఎవరికైనా ఉన్నాయేమో కనుక్కుని నిర్ధారిస్తారే తప్ప, దీనికంటూ ప్రత్యేకమైన పరీక్ష లేదు. మా వారికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది.

ఆ ఉబ్బసం సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు కానీ, కారణం మాత్రం నా కంచంలో వెంటనే దొరికింది. వంకాయ తిన్నానని, గోంగూర తిన్నానని, గుడ్డు మానలేదని, నాకు వేడి చేస్తే పాల ద్వారా బిడ్డకు చేసిందని, చూడటానికి వచ్చిన ప్రతివారూ ఒక్కో వంటకాన్ని నా ముందు నుంచి తీసేశారు. "తల్లి నోరు కట్టుకుంటే బిడ్డకు అదే తగ్గుతుంది అమ్మాయ్" అని అత్తయ్య ప్రేమగానే అన్నారు, ప్రేమగానే బీరకాయ, పొట్లకాయ, కారప్పొడితో పళ్లెం నింపారు. పాలిచ్చే తల్లి రాత్రంతా మేలుకుని పగలు అర్ధాకలితో ఉంటే బిడ్డ చర్మానికి ఒరిగేదేమిటని అడిగే ఓపిక కూడా ఆ రోజుల్లో ఉండేది కాదు. తర్వాతిసారి ఆస్పత్రికి అత్తయ్యను కూడా తీసుకువెళ్లడం మేము చేసిన మంచి పని.

డాక్టరుగారు ఆమెకే నేరుగా చెప్పారు. ఈ పిల్లల చర్మానికి పైపొర పుట్టుకతోనే బలహీనంగా ఉంటుందని, గట్టుకు గండిపడిన మడిలా లోపలి తేమ బయటికి పోతూ ఉంటుందని, ఆ సందుల్లోంచే దుమ్ము, సబ్బు, సూక్ష్మక్రిములు లోపలికి చొరబడి మంట పుట్టిస్తాయని వివరించారు. ఆ పొరను కట్టిపడేసే ఫిలాగ్రిన్ అనే ప్రోటీను జన్యువులో లోపాలకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం 2006లో బయటపడింది. ఈ పిల్లలందరిలోనూ ఆ లోపమే ఉండదు గానీ, పొర బలహీనత మాత్రం అందరిదీ. ఒక పదార్థం తిన్న కొద్దిసేపటికే బిడ్డకు దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, వాంతులైనా ఆహార అలర్జీని వెతకాలి; అది లేనప్పుడు తల్లికి పథ్యం పెట్టి సాధించేది లేదు. ఇది డాక్టరు నోట విన్న తర్వాతే మా ఇంట్లో గోంగూర పచ్చడికి మళ్లీ అనుమతి దొరికింది.

అసలు మార్పు రావలసింది స్నానంలో. మన ఇళ్లలో పసిపిల్లలకు నీళ్లు పోయడమంటే కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఒళ్లంతా నూనెతో మర్దనా చేసి, శనగపిండితోనో సున్నిపిండితోనో నలుగు పెట్టి, పొగలు కక్కే నీళ్లు పోసి, చివర సాంబ్రాణి ధూపం పట్టడం. మామూలు చర్మం ఉన్న పిల్లలు వీటన్నిటినీ తట్టుకుంటారు, హాయిగా నిద్రపోతారు కూడా. మా పాపకు పిండి రుద్దిన చోటల్లా గీరుకుపోయేది, వేడినీళ్లకు ఎరుపు రెట్టింపయ్యేది. పైగా చిట్లిన చర్మం మీద శనగ, పెసర వంటి పిండులు రుద్దితే శరీరం వాటిని తిండిగా కాక శత్రువుగా గుర్తించి, అలర్జీకి దారి తీయవచ్చని కూడా చెప్పారు. అందుకే నలుగు ఆపేశాం. ఇప్పుడు గోరువెచ్చని నీళ్లు, ఐదు నుంచి పది నిమిషాలు, సువాసన లేని సబ్బురహిత ద్రవం కొద్దిగా, అంతే. మెత్తని తువ్వాలుతో అద్దుతాం, తుడవం. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే తెల్లని పెట్రోలియం జెల్లీ గానీ, సువాసన లేని చిక్కటి క్రీము గానీ ఒళ్లంతా దట్టంగా పట్టిస్తాం. చిన్న డబ్బాలు కొంటే లాభం లేదు. ఈ పూత రోజుకు రెండు మూడుసార్లు, ఎరుపు లేని రోజుల్లో కూడా సాగాలి. దుప్పట్లు, పాప చొక్కాలు, నా చీర భుజం అన్నీ జిడ్డే.

సాంబ్రాణి విషయంలో నేను ఇంకొంచెం గట్టిగా నిలబడ్డాను. పొగ ఆ చర్మానికీ, ఉబ్బసం వారసత్వంగా వచ్చే అవకాశమున్న ఊపిరితిత్తులకూ మంచిది కాదన్నది ఒకటి. క్రీముల్లో ఉండే పారాఫిన్, పెట్రోలియం జెల్లీ వంటివి ఇంకిన గుడ్డ నిప్పుకు ఇట్టే అంటుకుంటుందని, ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా వదలదని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించిందన్నది రెండోది. నిప్పుల కుంపటి మీదుగా, దీపారాధన దగ్గరగా ఆ బట్టలతో బిడ్డను ఎత్తుకుని తిరగకూడదు.

హైదరాబాదు బోరునీళ్లు గట్టినీళ్లు, అంటే లవణాలు ఎక్కువున్న నీళ్లు కావడమే కారణమని కొందరు, యంత్రం బిగించమని మరికొందరు అన్నారు. ఇంగ్లండులో 336 మంది పిల్లలతో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో నీటిని మెత్తబరిచే యంత్రం వల్ల ఎగ్జిమాకు అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఆ డబ్బుతో క్రీములు కొన్నాం.

ఇక స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. ఆ మాట వినగానే మా వారి ముఖం మారిపోయింది, పసిబిడ్డకు స్టెరాయిడా అని. భయం వట్టిది కాదు, కానీ అది భయపడవలసిన చోట కాక మరోచోట కూర్చుంది. పసివాళ్ల ముఖానికి సాధారణంగా రాసే ఒక శాతం హైడ్రోకార్టిసోన్ ఈ వర్గంలో అతి తేలికైనది. దాన్ని డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాసి, ఎరుపు తగ్గాక ఆపితే చర్మం పలచబడే ప్రమాదం చాలా తక్కువ. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండిన మందు దాదాపు అర గ్రాము. అది వేళ్లతో కలిపి పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఈ కొలత చూపించాక మా వారి చెయ్యి వణకడం మానేసింది. భయపడవలసింది మందుల షాపులో చీటీ లేకుండా చేతిలో పెట్టే కలగలుపు క్రీములకు. తామరకని, గజ్జికని అమ్మే వాటిలో చాలావాటిలో క్లోబెటాసోల్ వంటి, హైడ్రోకార్టిసోన్ కంటే వందల రెట్లు బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో చెంప నున్నబడుతుంది, ఆపగానే మునుపటికంటే ఎక్కువగా తిరగబెడుతుంది. అలాంటి ట్యూబు ఒకటి పక్కింటివారు ఎంతో అభిమానంతో తెచ్చి ఇచ్చారు. తీసుకుని, పెట్టె మీది పేర్లు చదివి, పక్కన పెట్టేశాం.

దురద రాత్రిళ్లే ఎక్కువ. పాప నిద్రలోనే చెంపను నా భుజానికేసి అటూ ఇటూ రాపాడించేది, ఆ చప్పుడు చెవికి వినిపించేంతగా. గోళ్లు పొట్టిగా కత్తిరించి, చేతులకు నూలు సంచులు తొడిగి, పలచని నూలు చొక్కా వేసి, ఫ్యాను తిప్పి పడుకోబెడితే కొంత నయం. ఎండాకాలంలో చెమట, చలికాలంలో పొడిగాలి, రెండూ శత్రువులే. మామూలుగా తిరగబెట్టే ఎరుపు వేరు. ఉన్నట్టుండి గుంపుగా ఒకే రకమైన నీటిపొక్కులు లేచి, నొప్పితో ఏడుస్తూ జ్వరం వస్తే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

అన్నప్రాశన తర్వాత గుడ్డు, పల్లీలు పెట్టాలా వద్దా అన్న చర్చ మళ్లీ లేచింది. తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న పిల్లలకు తొలి ఏడాదిలోనే వేరుశనగ తినిపించడం మొదలుపెడితే వేరుశనగ అలర్జీ రావడం బాగా తగ్గిందని లండన్‌లో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. మేము డాక్టరును అడిగి, పల్లీలు మెత్తగా నూరి, జావలో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేశాం. గింజ మాత్రం పసివాళ్లకు ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడుతుంది.

తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కు ఉంది. ఏడాది నిండేలోపు తీయించాలనుకున్నాం కానీ, నెత్తి మీది పక్కులు ఇంకా పూర్తిగా మానలేదు, కత్తి తగిలితే పుండవుతుందని డాక్టరు ఆగమన్నారు. నేను ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే, మూడో ఏట కూడా తీయించవచ్చు, స్వామి ఎక్కడికీ పోడు కదా అని అత్తయ్యే టిక్కెట్లు రద్దు చేయించారు.