చేతులు తిరిగొచ్చిన వరుస

నరాలను దెబ్బతీసే గిలియన్-బారే సిండ్రోమ్ (జీబీఎస్) వచ్చి కోలుకున్నవాళ్లు ఎక్కువగా నడక గురించి చెబుతారు. ఎప్పుడు లేచి నిలబడ్డారు, ఎప్పుడు మెట్లెక్కారు అని. నేను చేతుల గురించి రాస్తాను. కాస్త ఖాళీ దొరికితే చాలు, బట్ట ముక్కలు ముందేసుకుని కూర్చునే మనిషిని నేను. బొంతలు కుట్టడం నా సరదా. అమ్మడానికి కాదు, పోటీలకూ కాదు. ఆ సరదాలో ఎన్ని వేర్వేరు పనులున్నాయో, అవన్నీ చేజారిపోయి ఒక్కొక్కటిగా తిరిగొస్తున్నప్పుడే నాకు సరిగ్గా తెలిసింది.

జబ్బు కథ త్వరగా చెప్పేస్తాను. కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గింది. ఆ తర్వాత కొద్ది రోజులకు అరికాళ్లలో తిమ్మిరి, నడుములో నొప్పి మొదలయ్యాయి. బలహీనత కాళ్ల నుంచి పైకి పాకింది. చూస్తుండగానే చొక్కా గుండీ పెట్టుకోలేని స్థితికి వచ్చాను. డాక్టర్ చిన్న సుత్తితో మోకాలి కింద తట్టారు. కాలు కదల్లేదు. వెన్నులోంచి నీరు తీసి చూస్తే అందులో ప్రోటీన్ ఎక్కువగా ఉంది, కణాలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. గిలియన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచ్ వైద్యులు 1916లో ఇద్దరు సైనికుల గురించి రాసినప్పుడు ప్రత్యేకంగా పట్టుకున్న లక్షణం అదే. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరపడి సొంత నరాల మీదే దాడి చేస్తుంది. నరం మీద ఉండే మైలిన్ పొర, కరెంటు తీగ మీది తొడుగు లాంటిది, అది దెబ్బతింటుంది. ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు ఇది.

ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, సెలైన్‌లా ఎక్కించారు. సాధారణంగా 5 రోజుల పాటు ఇస్తారు. ఆ రోజుల్లో గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం ఎంతుందో మాటిమాటికీ కొలిచేవాళ్లు. ఈ జబ్బులో నలుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరం పడవచ్చు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు ఆ అవసరం రాలేదు.

ఇంటికి వచ్చాక మంచం మీద ఉన్నాను. చెంచా జారిపోయేది. సూది మాట దేవుడెరుగు. అప్పుడు చెల్లి ఒక పని చేసింది. నా మంచానికి ఎదురుగా గోడకు ఫ్లానెల్ గుడ్డ కట్టింది. ఫ్లానెల్‌కు నూగు ఉంటుంది కాబట్టి కాటన్ ముక్కలు గుండుసూది లేకుండానే దానికి అంటుకుని నిలబడతాయి. నేను జబ్బుకు ముందు కత్తిరించి పెట్టుకున్న ముక్కలన్నీ తెచ్చి, ఏది ఎక్కడ పెట్టాలో అడిగింది.

"అక్కా, ఈ నీలం ఇక్కడ మరీ ముదురుగా లేదూ?" అనేది. నేను కళ్లు సగం మూసి చూసేదాన్ని. అలా చూస్తే రంగులు మసకబారి, ఏది లేత, ఏది ముదురు అన్నది మాత్రమే మిగులుతుంది. ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీసి చూసినా అంతే. బొంత అందమంతా రంగుల్లో ఉందనుకుంటాం గానీ, దూరం నుంచి డిజైన్ కనిపించేది లేత, ముదురుల తేడా వల్లే. ఇంతకుముందు ఈ అమరికకు నేను ఒక సాయంత్రం కేటాయిస్తే గొప్ప. ఇప్పుడు కదలకుండా వారాల తరబడి దాన్నే చూశాను. పొద్దుటి వెలుతురులో బాగున్న వరుస రాత్రి లైటు కింద తేలిపోయేది. మర్నాడు చెల్లితో మార్పించేదాన్ని. చేతులతో ఏ పనీ చేయకుండానే ఇంత సంతోషం దొరుకుతుందని నేను ఊహించలేదు.

జీబీఎస్‌లో బలం తిరిగొచ్చే దారి, పోయిన దారికి సాధారణంగా ఎదురుగా ఉంటుంది. ఒంటికి దగ్గరగా ఉన్న కండరాలు ముందు కోలుకుంటాయి. భుజం, మోచేయి, మణికట్టు, ఆఖరికి వేళ్లు. నరం లోపలి పోగే దెబ్బతింటే అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతూ రావాలి. మెడ దగ్గర నుంచి వేలి కొస దాకా ఎంత దూరమో ఆలోచిస్తే, తొందరపడి లాభం లేదని అర్థమవుతుంది.

అందుకే మొదట తిరిగొచ్చింది కత్తెర కాదు, రోటరీ కట్టర్. కత్తెర ఆడించాలంటే బొటనవేలు, వేళ్లు పనిచేయాలి. చక్రం బ్లేడును భుజం బలంతో ముందుకు తోస్తే చాలు. కానీ వేళ్లకు స్పర్శ సరిగా లేని మనిషికి ఆ బ్లేడు ప్రమాదం. చేతులకు వ్యాయామం చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ రెండు షరతులు పెట్టారు. స్కేలు పట్టుకునే చేతికి తెగని గ్లవ్ ఉండాలి, స్కేలుకు పైన పట్టుకోవడానికి పిడి ఉండాలి. ఇస్త్రీకి ఇంకా కఠినమైన షరతు. వేడి తెలియని వేళ్లతో కుట్టును విడదీయకూడదు, దానికి చెక్క పుల్ల వాడాలి. బొంత ముక్కల మీద ఇస్త్రీ పెట్టెను జరపకూడదని నాకు ముందే తెలుసు. జరిపితే క్రాస్‌గా కత్తిరించిన అంచు సాగిపోతుంది. ఎత్తి, పెట్టి, ఒత్తాలి. ఆ ఎత్తడం, పెట్టడమే నా మణికట్టుకు మంచి వ్యాయామమైంది.

మిషన్ దగ్గర ఇబ్బంది చేతులతో రాలేదు, కాలితో వచ్చింది. అరికాలికి స్పర్శ లేకపోతే పెడల్ ఎంత నొక్కుతున్నామో తెలియదు. మిషన్ ఒక్కసారిగా పరుగెత్తేది, లేదా అసలు కదిలేది కాదు. చివరికి పెడల్ తీసేసి, స్టార్ట్ బటన్‌తో నడిచే మిషన్ మీద వేగాన్ని బాగా తగ్గించి కుట్టాను. పాదం తేలిగ్గా అలసిపోయేవాళ్లకు, తిమ్మిర్లున్నవాళ్లకు ఈ బటన్ ఎంత మేలో గట్టిగా చెప్పాలనుంది.

బొంత ముక్కలకు పావు అంగుళం మార్జిన్. అందులో అంగుళంలో పదహారో వంతు తేడా వస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆ తేడా కుట్టుకు రెండు వైపులా పడుతుంది కాబట్టి, ఎనిమిది కుట్లున్న వరుస ఏకంగా అంగుళం కురచైపోతుంది. బట్టను పట్టి నడిపే బలం లేక మిషన్ పలక మీద మందమైన టేపు అతికించాను. బట్ట అంచు దానికి ఆనుకుని తిన్నగా వెళ్లేది. ఇప్పుడు వేళ్లు బాగానే ఉన్నా ఆ టేపు తీయలేదు.

వంకర కుట్లను జబ్బుకు గుర్తుగా అలాగే ఉంచమని చాలామంది ప్రేమగా చెప్పారు. నేను విప్పేశాను. తిన్నని కుట్టంటే నాకు ఇష్టం, ఆ ఇష్టం జబ్బుతో పోలేదు. పైగా ఒక్కో పోగును కొసతో పట్టి లాగడం చాలా సున్నితమైన పని. థెరపీ కోసం ఇచ్చిన మెత్తటి ముద్దను పిసుకుతూ కూర్చున్నప్పుడు గడియారం కదిలేది కాదు. కుట్లు విప్పుతూ కూర్చుంటే చీకటి పడిందని ఎవరో వచ్చి లైటు వేసేవాళ్లు.

కుట్టుపని నా జబ్బు నయం చేసిందని నేను అనను. నయం చేసింది మందు, ఫిజియోథెరపీ, కాలం. కుట్టుపని వల్ల ఆ కాలం నాకు ఎదురుచూపుగా గడవలేదు.

అన్నిటికంటే చివర వచ్చింది చేతికుట్టు. పైబట్ట, మధ్యలో దూది పొర, అడుగుబట్ట, ఈ మూడింటినీ కలిపి చిన్న చిన్న కుట్లు వేయాలంటే సూది కొస అడుగున ఎక్కడ తగిలిందో కింది చేతి వేలికి తెలియాలి. నా వేలికి తెలిసేది కాదు. బట్ట మీద ఎర్ర చుక్క కనిపిస్తేనే గుచ్చుకుందని తెలిసేది. రక్తం మరకను వెంటనే చన్నీళ్లతో తుడవాలి, వేడినీళ్లు తగిలితే నిలిచిపోతుంది. క్విల్టింగ్ సూదుల్లో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అలవాటైన 10ని పక్కన పెట్టి, వేళ్లకు దొరికే లావుపాటి సూదితో మొదలుపెట్టాను. కుట్లు పెద్దవిగా పడ్డాయి, అయినా వరుస నిలిచింది. ఒక రోజు కింది వేలికి సూది చురుక్కుమంది. నొప్పికి అంత సంబరపడింది బహుశా ఆ ఒక్కసారే. చెల్లిని కేకేసి పిలిచి చూపించాను.

కాలి వేళ్లలో తిమ్మిరి ఇంకా ఉంది. అలసట కూడా ఉంది, జీబీఎస్ తర్వాత చాలామందికి ఏళ్ల తరబడి ఉంటుందట. అందుకని కత్తిరింపు, మిషన్ పని పొద్దున్నే పెట్టుకుంటాను, మధ్యాహ్నం తర్వాత రంగులు అమర్చుకోవడమే. గోడ మీద ఇప్పుడు లాగ్ క్యాబిన్ ముక్కలున్నాయి. మధ్యలో ఒక చదరం, దాని చుట్టూ పట్టీలు, ఒక పక్క లేతవి, ఇంకో పక్క ముదురువి. చెల్లి తనకూ ఒకటి కావాలంది. తనదాన్ని తనే కుట్టాలని, పక్కన కూర్చుని నేర్పుతానని చెప్పాను. నిన్న మొదటి పట్టీ కుట్టింది, పావు అంగుళం సరిగ్గా వచ్చింది.