సముద్రం దాటింది మనం, పిల్లలు కాదు

షేక్‌స్పియర్ 'టెంపెస్ట్' నాటకంలో మొదటి సీన్ తుఫాను. అది అయిపోగానే ప్రాస్పెరో అనే తండ్రి తన కూతురు మిరాండాని కూర్చోబెట్టుకుని, మనది ఈ దీవి కాదమ్మా, ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చాం, నేనక్కడ ప్రభువుని, సొంత తమ్ముడే మోసం చేసి నిన్నూ నన్నూ పాత పడవలో సముద్రంలోకి తోయించేశాడు అని పాత సంగతులన్నీ చెప్పుకొస్తాడు. చెప్తూ చెప్తూ మధ్యలో "వింటున్నావా?" అంటాడు, కాసేపటికి "నువ్వు వినట్లేదు" అంటాడు, ఇంకాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న తెలుగు అమ్మానాన్నలు ఎవరైనా సరే ఈ సీన్ ఒక్కసారి చదవాలని నేను అడిగి మరీ చెప్తుంటాను. మా చిన్నప్పుడు, మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో, మీ తాతగారు ఉన్నప్పుడు అని మనం మొదలుపెట్టడం, మధ్యలో ఆ ఫోన్ పక్కన పెట్టు, వింటున్నావా అని అడగడం, అంతా అందులో ఉంది.

ఆ దీవికి వచ్చేసరికి మిరాండాకి మూడేళ్ళు కూడా నిండలేదు. వచ్చి పన్నెండేళ్ళయింది. అంతకుముందుది ఏమైనా గుర్తుందా అంటే, నన్ను చూసుకోవడానికి నలుగురైదుగురు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు కదా, కలలాగా గుర్తుంది అంటుంది. అంతే. తండ్రికి ఒక రాజ్యం పోయింది, ఆయన తెల్లారి లేచింది మొదలు దాని గురించే ఆలోచిస్తాడు. కూతురు విని జాలిపడుతుంది, నా వల్ల మీరెంత కష్టపడ్డారో అని బాధపడుతుంది, కానీ ఆ పిల్లకి తెలిసిన ఇల్లు మాత్రం ఈ దీవే. మన పిల్లల విషయంలో నేను నమ్మేది ఇదే. సముద్రం దాటింది మనం. వాళ్ళు ఒడ్డున పుట్టారు, లేదంటే ఊహ తెలియకముందే ఒడ్డుకి చేరారు. మనం పోగొట్టుకున్న దాని మీద వాళ్ళకి ప్రేమ కలగొచ్చు, ఆసక్తి కలగొచ్చు, బెంగ మాత్రం మనకున్నట్టు వాళ్ళకీ ఉండాలని పట్టుబట్టడం న్యాయం కాదు.

మా అమ్మాయి స్కూల్లో ఈ నాటకం వేసినప్పుడు తనకి ఓడ సరంగు వేషం ఇచ్చారు. స్టేజీ పక్కన ఒక పెద్ద పల్చటి రేకుని తాడుతో వేలాడదీశారు, దాని కింది అంచు పట్టుకుని ఒక కుర్రాడు ఊపుతుంటే హాలంతా ఉరుములు. షేక్‌స్పియర్ కాలంలో అయితే బరువైన ఇనుప గుండుని దొర్లించి ఆ చప్పుడు పుట్టించేవారట. నావికులు తడిసి ముద్దై వస్తారని నాటకంలోనే రాసి ఉంది కాబట్టి, వెళ్ళే ముందు పిల్లలందరి నెత్తి మీదా స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టారు, మా అమ్మాయి జడ చివర నుంచి చుక్కలు కారుతున్నాయి. ఓడలో రాజుగారూ మందీమార్బలం పైకొచ్చి అడ్డం పడుతుంటే ఆ సరంగు వాళ్ళ మీద అరుస్తాడు: ఈ అలలకి రాజు పేరు లెక్కా, కిందకి పొండి, మా పనికి అడ్డం రాకండి అని. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు గొంతెత్తని పిల్ల అక్కడ గొంతు చించుకుని అరిచింది. నాకు చాలా సంతోషమేసింది. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు హోదా పక్కనపెట్టి పని తెలిసినవాడి మాట వినాలని అంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ వారమే మా అమ్మ వీడియో కాల్‌లో ఓడ మునిగే కథ మనకీ ఉందే అని సత్యనారాయణ వ్రతకథ చెప్పింది. షావుకారు, అల్లుడు ఎన్నో కష్టాలు పడి ఓడతో తిరిగొస్తారు, ఆ కబురు విని కళావతి ప్రసాదం తీసుకోకుండా మొగుణ్ణి చూడ్డానికి పరుగెత్తుతుంది, అంతే, కళ్ళ ముందే ఓడ నీళ్ళలో కనబడకుండా పోతుంది. మా అమ్మాయి ఊరుకుంటుందా, "అమ్మమ్మా, తినడం మర్చిపోతే అంత శిక్షా? పాపం ఆ అబ్బాయిదేం తప్పు?" అని పట్టుకుంది. "మళ్ళీ తేలింది కదే, ఇంటికెళ్ళి ప్రసాదం తిని వచ్చేసరికి ఓడ అక్కడే ఉంది, పూర్తిగా వినవే" అని మా అమ్మ. అప్పుడు పిల్ల ఒక నిమిషం ఆగి, టెంపెస్ట్‌లో కూడా అంతే కదా అంది. నిజమే, అందులోనూ ఓడ మునగదు. ప్రాస్పెరో చెప్పినట్టు చేసే ఏరియల్ అనే గాలి భూతం దాన్ని భద్రంగా రేవులో పెట్టి, నావికుల్ని నిద్రపుచ్చి వస్తాడు, ఒక్కడికి వెంట్రుకంత హాని జరగలేదు. ఆ పోలిక నాకెప్పుడూ తట్టలేదు, పిల్లకి తట్టింది. రెండు చోట్ల కథలు వింటూ పెరిగే పిల్లలకి దొరికేది ఇదీ, అటు కథ ఇటు, ఇటు కథ అటు చూపిస్తుంది.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. సముద్రం, ఓడలు, తుఫాన్లు అంటే అవేవో పడమటి వాళ్ళ కథలు అన్న అభిప్రాయం మన పిల్లలకే కాదు, మనకీ ఉంది. ఏడో శతాబ్దంలో హర్షుడు రాసిన 'రత్నావళి' నాటిక చూడండి. సింహళ రాజకుమారి వత్సరాజు ఉదయనుడి దగ్గరకి ఓడలో బయల్దేరుతుంది, ఓడ పగిలిపోతుంది, ఒక చెక్కని పట్టుకుని తేలుతుంటే కౌశాంబి వర్తకుడొకడు చూసి కాపాడతాడు. సముద్రంలో దొరికింది కాబట్టి సాగరిక అని పిలుస్తూ అంతఃపురంలో పరిచారికగా ఉంచుతారు, తను ఫలానా అని ఆమె ఎవరికీ చెప్పుకోదు. చివరికి మెడలోని రత్నమాల వల్లా, అదే ఓడ ప్రమాదంలోంచి బతికి వచ్చిన సింహళ మంత్రి వల్లా ఆమె ఎవరో బయటపడుతుంది. దండి రాసిన దశకుమార చరిత్రలోనూ ఓడ మునకలున్నాయి, పదమూడో శతాబ్దంలోనే కేతన దాన్ని తెలుగులోకి తెచ్చి తిక్కనకి అంకితమిచ్చాడు. ఇవన్నీ పిల్లలకి చెప్పాలి. సముద్రం దాటిన మొదటి తరం మనమే అన్నట్టు మాట్లాడుకోవడం నాకు నచ్చదు.

రత్నావళిలో తుఫాను స్టేజీ మీదకి రాదు. మంత్రి నోటి మాటగా తెలుస్తుంది, అంతే. నాటికంతా ఒడ్డుకి చేరాక ఏమైందన్నదే. గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీ కూడా అలాగే నాకు ఇష్టం. దాని కథానాయకుడు ఒడిస్సియస్ తెప్ప విరిగిపోయి, రెండు పగళ్ళు రెండు రాత్రులు ఈది, ఒళ్ళంతా ఉప్పు పట్టి ఒక ఒడ్డున పడతాడు. అక్కడి రాజకుమారి నౌసికా వెంట ఉన్న ఆడపిల్లలు అతన్ని చూసి పారిపోతారు, ఆమె మాత్రం నిలబడి మాట్లాడుతుంది, బట్టలిప్పిస్తుంది. అక్కడి రాజు భోజనం పెట్టి, పాటలు వినిపించి, ఆ తర్వాతే నీ పేరేంటి, ఏ ఊరు అని నిలదీసి అడుగుతాడు. "మీది అసలు ఏ ఊరు" అన్న ప్రశ్న పరిచయమైన మొదటి నిమిషంలోనే వినే మా పిల్లలకి ఈ వరస చాలా బాగా నచ్చింది.

తెలుగు ఒడ్డు సంగతి కూడా చెప్పాను, గర్వంగానే చెప్పాను. 1244 నాటి మోటుపల్లి రేవు శాసనంలో కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకి అభయం ఇచ్చాడు. వెనకటి రాజులు తుఫానులో పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్ళు, మేం మాత్రం సముద్రంలో అంత సాహసం చేసి వచ్చిన వాళ్ళ మీద దయతో, మామూలు సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోం అని అందులో ఉంది. రేవు బాగుపడితే రాజ్యానికీ లాభమే, ఆ సంగతీ పిల్లలకి దాచలేదు. అయినా ఓడ పగిలి వచ్చినవాణ్ణి దోచుకోకూడదని ఒక రాజు రాతి మీద చెక్కించి నిలబెట్టడం చిన్న విషయమా?

మా అమ్మాయి మాత్రం టెంపెస్ట్‌లోని కాలిబన్ దగ్గర ఆగిపోయింది. "అమ్మా, ప్రాస్పెరో కంటే ముందు నుంచీ దీవిలో ఉన్నది అతనే కదా, మంచినీళ్ళు ఎక్కడున్నాయో, పంట పండే నేల ఎక్కడుందో చూపించింది అతనే కదా, మరి అతన్నే బానిసని చేశారేంటి?" కాలిబన్ తర్వాత మిరాండా మీద చేయబోయిన అఘాయిత్యం చిన్నదేమీ కాదు, అది కూడా మాట్లాడుకున్నాం. కానీ ప్రశ్న న్యాయమైనది. మేముండే దేశంలోనూ మాకంటే, మా పక్కింటి వాళ్ళకంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళున్నారు. వాళ్ళ కథ వాళ్ళ మాటల్లో ఏముందో వెతికి చదవమని చెప్పాను, చదువుతోంది.

ఈమధ్య ఇంకొకటి అడుగుతోంది. చివర్లో అందరూ ఇటలీకి బయల్దేరతారు కదా, ఉంటావా, వస్తావా అని మిరాండాని ఎవరైనా అడిగారా అని. ఎవరూ అడగలేదు. ఆమె పెళ్ళి సంబరంలో ఉంది, కొత్త మనుషుల్ని చూసి మురిసిపోతోంది కాబట్టి వెళ్ళాలనే ఉంటుందని నేను, అడగకుండా ఎలా తెలుస్తుందని తను. వాదన ఇంకా తేలలేదు. సెలవుల్లో రత్నావళిని తేలిక తెలుగులో రాసుకుని ఇంట్లో వేద్దామని అనుకుంటున్నాం, ఈసారి ఓడ పగిలే సీన్ స్టేజీ మీదే చూపించాలని తను పట్టుబట్టింది, సాగరిక మౌనంగా ఎందుకుందో ఆమె చేతే చెప్పించే డైలాగు కూడా కావాలట. రేకు నేను చూస్తానన్నాను.